స్కాజిట్ లోయలో హంసలు చూసి రావడం ఎలా: సియాటెల్ నుంచి ఒక్కరోజు ప్రయాణం

సియాటెల్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లలో స్కాజిట్ లోయ పేరు వినని వాళ్లు తక్కువ. ఏప్రిల్‌లో ట్యూలిప్ పూల మధ్య పట్టుచీర కట్టుకుని దిగిన ఫోటో ప్రతి ఇంట్లో ఒకటైనా ఉంటుంది. అవే పొలాల్లో డిసెంబరు, జనవరి నెలల్లో హంసలు మేస్తుంటాయని చెబితే మాత్రం చాలామంది నమ్మరు. పార్కు చెరువులో బిస్కెట్ ముక్కల కోసం చుట్టూ తిరిగేవి కావు, అలాస్కా నుంచి ఎగిరొచ్చిన అడవి హంసలు. పాలనీ నీళ్లనీ వేరు చేస్తాయో లేదో నాకు తెలియదు గానీ, బురదలోంచి బంగాళాదుంపని వేరు చేయడం మాత్రం కళ్లారా చూశాను.

మొదటిసారి వెళ్లినప్పుడు ఏమీ తెలుసుకోకుండా వెళ్లాను. మధ్యాహ్నం పన్నెండింటికి చేరి, దూరంగా పొలంలో తెల్లగా కనిపించిన గుంపుని చూసి పిల్లల్ని కిందకి దింపి, వానలో పావుగంట నిలబెట్టి చూపించాను. ఎంతసేపటికీ ఒక్క హంసా కదలకపోతే మా చిన్నది "నాన్నా, అవి నిద్రపోతున్నాయా?" అంది. బైనాక్యులర్స్ అప్పుడు తీశాను. తెల్ల ప్లాస్టిక్ చుట్టిన పశువుల మేత మోపులు. ఆ తర్వాత ఏడేళ్లుగా ప్రతి చలికాలం కనీసం ఒకసారి వెళ్తున్నాను. నాకు అర్థమైంది ఒకటే: హంసల వెంట మనం తిరగకూడదు. వాటి రోజు ఎలా గడుస్తుందో తెలుసుకుని, అవి వచ్చే చోట ముందే కూర్చోవాలి. రాత్రి నీళ్ల మీద మకాం, తెల్లవారాక పొలాల్లో మేత, పొద్దుగూకే వేళకి మళ్లీ నీళ్లకి. మన టైమ్‌టేబుల్ కూడా అదే.

ముందుగా రోజు ఎంచుకోండి

హంసలు అక్టోబరు చివర్లో రావడం మొదలుపెడతాయి. నవంబరులో గుంపులు పెరుగుతాయి. డిసెంబరు మొదటి వారం నుంచి ఫిబ్రవరి సగం దాకా వెళ్తే ఖాళీ చేతులతో తిరిగి రావడం దాదాపు ఉండదు. మార్చిలో ఉత్తరానికి ప్రయాణం కట్టేస్తాయి. ట్యూలిప్పులు, హంసలు ఒకే ట్రిప్పులో అయిపోతాయని ప్లాన్ వేసే వాళ్లుంటారు. అది కుదరదు.

ఎండ రావాలని చూస్తూ కూర్చుంటే వాషింగ్టన్‌లో ఏ పనీ జరగదు. మబ్బుగా ఉన్నా, సన్నగా తుంపర పడుతున్నా ఫర్వాలేదు. పైగా రెండు రోజులు వాన కురిసి పొలాల్లో నీళ్లు నిలిచి ఉంటే పక్షులు ఇంకా ఎక్కువ దిగుతాయి. రెండే రెండు విషయాలకి ట్రిప్పు వాయిదా వేయండి. ఒకటి పొగమంచు: ఎదురుగా వంద హంసలున్నా గొంతులు తప్ప ఏమీ అందవు. రెండోది స్కాజిట్ నదికి వరద హెచ్చరిక. ఆ పొలాలన్నీ నది డెల్టాలో, గట్ల కింద పల్లంలో ఉంటాయి, రోడ్లు మూసేస్తారు. (పేరు రాతలో ఎలా కనిపించినా పలికేది స్కాజిట్ అనే. అక్కడివాళ్ల ముందు స్కాగిట్ అంటే మనం ఎక్కడి నుంచి వచ్చామో చెప్పక్కర్లేదు.)

ఆ నెలల్లో బాతులకీ, స్నో గీస్ అనే పెద్ద తెల్ల బాతులకీ వేట సీజన్ నడుస్తుంది. దూరంగా తుపాకీ చప్పుళ్లు వినిపిస్తే కంగారు పడకండి. హంసని కాల్చడం మాత్రం ఈ రాష్ట్రంలో నేరం.

సర్దుకోవాల్సినవి

బైనాక్యులర్స్ లేకుండా వెళ్లొద్దు. ఇది ఒక్కటి గట్టిగా చెబుతున్నాను. హంస పెద్ద పక్షే, కానీ పొలం అంతకంటే చాలా పెద్దది. కొత్తగా కొనేట్టయితే 8x42 అని రాసి ఉన్నవి తీసుకోండి. 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో. పది, పన్నెండు రెట్లవి ఇంకా బాగుంటాయనిపిస్తుంది గానీ చేయి వణికితే బొమ్మంతా వణుకుతుంది. పైగా చలికాలపు మసక వెలుతురుకి వెడల్పాటి అద్దమే ముఖ్యం. పిల్లలు ఉంటే ముందు రోజే బాల్కనీలోంచి ఎదురింటి చిమ్నీ మీద ఫోకస్ చేయడం నేర్పండి. లేకపోతే అక్కడ పక్షులు ఎగిరిపోయే దాకా "నాకేం కనిపించట్లేదు" అనే మాటే వింటారు.

ఒక కేజీ బియ్యం ప్యాకెట్ కూడా కార్లో వేసుకోండి. నవ్వకండి. కారు కిటికీ అద్దం దించి, అంచు మీద ఆ ప్యాకెట్ పెట్టి, దాని మీద కెమెరా గానీ బైనాక్యులర్స్ గానీ ఆనిస్తే రాయిలా నిలబడతాయి. కందిపప్పు ప్యాకెట్ అయినా పనికొస్తుంది.

చలి అంకెల్లో పెద్దగా ఉండదు, 3 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య. కానీ అక్కడ అడ్డుగా చెట్టూ చేమా ఉండవు, సముద్రం వైపు నుంచి గాలి నేరుగా వచ్చి తగులుతుంది. మంకీ క్యాప్ ఉంటే సిగ్గుపడకుండా పెట్టుకోండి. మందపాటి గ్లోవ్స్‌తో ఫోకస్ చక్రం తిరగదు, పల్చనివి ఒక జత ఉంచుకోండి. వాన బూట్లు తప్పనిసరి, బురద బూట్లు పెట్టడానికి డిక్కీలో పాత తువ్వాలు ఒకటి.

తిండి సంగతి మీకు చెప్పేదేముంది. నేనైతే పులిహోర, ఉడకబెట్టిన కోడిగుడ్లు, పెద్ద ఫ్లాస్కు నిండా అల్లం టీ. పొలాల మధ్య కొట్లు ఉండవు. పెరుగన్నం ఇంట్లోనే వదిలేయండి, ఆ చలిలో ఎవరూ ముట్టుకోరు.

రాష్ట్ర వన్యప్రాణి శాఖ స్థలాల్లో కారు ఆపాలంటే డిస్కవర్ పాస్ కావాలి. ఒకరోజు పాస్ 10 డాలర్లు, పైన కొంచెం ఫీజు. ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో కొని ప్రింట్ తీసి పెట్టుకోండి. స్టేట్ పార్కులకి తిరిగే అలవాటు ఉంటే సంవత్సరం పాస్ ఎలాగూ మీ దగ్గర ఉంటుంది.

పొద్దున్న బయలుదేరడం

పక్షులు చూసేవాళ్లు చీకటితో లేవాలంటారు. హంసల విషయంలో అంత అక్కర్లేదు. డిసెంబరులో పొద్దు పొడిచేదే ఎనిమిది కావస్తుండగా. పొద్దున్న హంసలు నీళ్ల మీద నుంచి లేచి పొలాలకి వెళ్లడం బాగానే ఉంటుంది గానీ, సాయంత్రం తిరిగి దిగడం దానికి పదింతలు బాగుంటుంది. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఆ ఒక్కటీ ఎంచుకుంటే చాలు.

రెడ్‌మండ్, బెల్‌వ్యూ వైపు నుంచి ఏడింటికి బయలుదేరితే సరిపోతుంది. 405 మీద ఉత్తరానికి వెళ్లి ఐ-5 ఎక్కండి. ఎవరెట్, మేరీస్‌విల్ దాటాక స్మోకీ పాయింట్ రెస్ట్ ఏరియా వస్తుంది. అందర్నీ దింపి బాత్రూమ్‌కి పంపండి, "ఇప్పుడు రావట్లేదు" అన్నవాళ్లని కూడా. ఆ తర్వాత ఎగ్జిట్ 221 దగ్గర దిగి కాన్వే అనే చిన్న ఊరి మీదుగా పడమరకి తిరిగితే ఫర్ ఐలండ్ రోడ్. స్కాజిట్ నది సముద్రంలో కలిసే ముందు రెండు పాయలుగా చీలుతుంది. ఆ రెండు పాయల మధ్య ఉన్న లంకే ఫర్ ఐలండ్. కోనసీమ వాళ్లకి ఇంతకంటే వివరించక్కర్లేదు, కొబ్బరిచెట్లు లేని లంక అనుకోండి.

పొలాల్లో వెతకడం

ఇక్కడి నుంచి తొందర మానేయండి. మెయిన్ రోడ్డు వదిలి పక్క రోడ్లలోకి తిరిగి నెమ్మదిగా పోనిస్తూ రెండు వైపులా చూడండి. బంగాళాదుంప తవ్వేసిన పొలాలు, మొక్కజొన్న కోసేసిన మోళ్లు, నేల కొట్టుకుపోకుండా చలికాలానికి చల్లిన పచ్చగడ్డి చేలు, ఇవి హంసలకి ఇష్టమైన చోట్లు. మన ఊళ్లలో కోతలయ్యాక పరిగె ఏరుకున్నట్టు, మెషిన్లు వదిలేసిన దుంపల్నీ గింజల్నీ ఏరుకుంటాయి. ఇవాళ ఉన్న పొలంలో రేపు ఉంటాయన్న హామీ లేదు. అందుకే ఫలానా రోడ్డు, ఫలానా మలుపు అని చెప్పను. ఈబర్డ్ యాప్‌లో ఆ వారం ఎవరు ఎక్కడ చూశారో ఉంటుంది, బయలుదేరే ముందు ఒకసారి చూసుకోండి.

కారు ఆపే దగ్గర జాగ్రత్త. ఈ రోడ్లకి రెండు పక్కలా మురుగు కాలవలు ఉంటాయి, గడ్డి కప్పేసి పైకి నేలలాగే కనిపిస్తాయి. మూడో ఏడాది నేను హంసల్ని చూసిన ఉత్సాహంలో కుడి చక్రాలు గడ్డి మీదకి దించాను. కారు పక్కకి ఒరిగి కాలవలోకి జారింది. టో ట్రక్కు కోసం ఫోన్ చేస్తే మూడు గంటలు పడుతుందన్నారు. ఆ దారిన పోతున్న రైతు ఒకాయన మాట్లాడకుండా ట్రాక్టరు తెచ్చి, గొలుసు కట్టి రెండు నిమిషాల్లో లాగేశాడు. డబ్బులివ్వబోతే చేయి ఊపి వెళ్లిపోయాడు. కంకర పోసిన వెడల్పు జాగా కనిపిస్తే తప్ప ఆపకండి. నడి రోడ్డు మీద హజార్డ్ లైట్లు వేసుకుని నిలబడటం ఇంకా ప్రమాదం, పాల ట్యాంకర్లు వేగంగా వస్తాయి. పొలాలన్నీ ప్రైవేటు ఆస్తి. ఒక్క అడుగు కూడా లోపల పెట్టొద్దు, గేటు తెరిచి ఉన్నా సరే.

ఇప్పుడు అసలు కిటుకు. హంసలు కనిపించాక కారు దిగకండి. వాటికి కారంటే భయం లేదు, రోజూ వందల కార్లు చూస్తాయి. రెండు కాళ్ల మీద నిలబడ్డ మనిషి కనిపిస్తేనే మెడలు నిటారుగా లేస్తాయి. ఇంజిన్ ఆపి, కిటికీ దించి, రేడియో కట్టేసి, టీ పోసుకుని కూర్చోండి. పది నిమిషాలు ఏమీ జరగనట్టు ఉంటుంది. ఆ తర్వాత మెడలు ఒక్కొక్కటే కిందకి వంగుతాయి, అవి మిమ్మల్ని మర్చిపోయాయన్నమాట. ఒకసారి ఇలాగే కూర్చుంటే తల్లీ తండ్రీ, మూడు బూడిదరంగు పిల్లలు మేసుకుంటూ మేసుకుంటూ ముప్ఫై అడుగుల దూరానికి వచ్చేశాయి. తండ్రి హంస బురదలోకి మెడ సగం దాకా దూర్చి, ముక్కుతో తవ్వి తవ్వి ఒక దుంప బయటికి లాగింది. ఒక పిల్ల పరుగున వచ్చి దాన్ని లాక్కుంది. పెద్దది మళ్లీ తవ్వడం మొదలుపెట్టింది. తల నుంచి సగం మెడ దాకా తుప్పు రంగు. ఇనుము ఎక్కువగా ఉన్న నీళ్లలో, బురదలో తల ముంచి ముంచి ఈకలకి ఆ రంగు పట్టేస్తుంది. బొమ్మల్లో చూసిన తెల్లటి హంస కాదు, నాట్లేసి ఇంటికొచ్చిన మనిషిలా ఉంది. (తండ్రి అని ఎలా చెప్పానంటే, కాస్త పెద్దగా ఉందని ఊహ, అంతే. ఆడా మగా చూడటానికి ఒకేలా ఉంటాయి.)

ఏది హంస, ఏది కాదు

ఒక తెల్లటి గుంపు కనిపించగానే మూడు ప్రశ్నలు వేసుకోండి. కదులుతోందా? లేకపోతే మేత మోపులు, నా అనుభవం పైన చదివారుగా. మెడ ఒంటి పొడవంత ఉందా? ఉంటే హంస. ఎగిరినప్పుడు రెక్కల చివర్లు నల్లగా ఉన్నాయా? ఉంటే స్నో గూస్, అంటే తెల్ల బాతు జాతి. హంసకి రెక్కంతా తెలుపే.

హంసల్లో ఇక్కడికి రెండు రకాలు వస్తాయి. పెద్దది ట్రంపెటర్ స్వాన్. ఉత్తర అమెరికాలో పుట్టి పెరిగే నీటిపక్షుల్లో ఇంతకంటే పెద్దది లేదు. బరువు పది పన్నెండు కేజీలు, రెక్కలు చాపితే ఏడడుగులు దాటుతుంది. గొంతు పాతకాలం బల్బు హారన్‌లా ఉంటుంది, పేరు అందుకే. చిన్నది టండ్రా స్వాన్, ఉత్తర ధ్రువానికి దగ్గరి చలి నేలల్లో గుడ్లు పెడుతుంది. దాని పిలుపు సన్నగా, దూరంలో కుక్కలు మొరుగుతున్నట్టు వినిపిస్తుంది. చాలావాటికి కంటి ముందు పసుపు చుక్క ఉంటుంది. చుక్క కనిపిస్తే టండ్రా, కనిపించకపోతే నుదురు చూడండి. ఎదురుగా చూసినప్పుడు నుదుటి తెలుపు ముక్కు నలుపులోకి కోసుగా, V అక్షరంలా దిగితే ట్రంపెటర్, గుండ్రంగా ఆగితే టండ్రా. ఇదంతా మొదటి రోజే పట్టుబడదు. మెర్లిన్ అనే యాప్ ఉచితంగా దొరుకుతుంది, గొంతు వినిపిస్తే పక్షి పేరు చెబుతుంది. హంసల కంటే ముందు మీ పిల్లలు దాంతో ఆడుకుంటారు.

ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారిని ఒకసారి తీసుకెళ్లాను. ఆవిడ చాలాసేపు చూసి, "బాబూ, రాజహంసకి ముక్కూ కాళ్లూ ఎర్రగా ఉండాలి కదా, దీనికి నల్లగా ఉన్నాయేంటి?" అన్నారు. పాత నిఘంటువుల ప్రకారం ఆవిడ మాట అక్షరాలా నిజం: తెల్లటి ఒళ్లు, ఎర్రటి ముక్కు, ఎర్రటి కాళ్లు ఉంటేనే రాజహంస. ఆ లెక్కన గులాబీ రంగు ముక్కూ కాళ్లూ ఉన్న స్నో గూసే దానికి దగ్గర. మన కావ్యాల్లోని హంస, హిమాలయాల మీదుగా ఎగిరొచ్చే బార్ హెడెడ్ గూస్ అయ్యుంటుందని చాలామంది అంటారు. ఆంధ్రలో పులికాట్ ఒడ్డున ఫ్లెమింగోలని కూడా రాజహంసలు అనేస్తాం. అత్తగారికి ఇదంతా చెబితే "అయితే మనం ఎప్పుడూ అసలు హంసని చూడలేదన్నమాట" అని మళ్లీ బైనాక్యులర్స్ అందుకున్నారు.

ఇంకో సంగతి తెలిస్తే ఆ గుంపుని చూసే చూపు మారుతుంది. చర్మాల కోసం, టోపీల మీద ఈకల కోసం, రాసుకునే కలాల కోసం ట్రంపెటర్లని ఎంతగా చంపారంటే, 1930ల్లో అలాస్కా, హవాయి కాక మిగతా అమెరికా మొత్తంలో లెక్కకి దొరికినవి 70 కూడా లేవు. వాటిని కాపాడటానికి 1935లో మాంటానాలో రెడ్ రాక్ లేక్స్ అభయారణ్యం ఏర్పాటు చేశారు. అలాస్కాలో ఎవరి కంటా పడకుండా మిగిలిన గుంపుల సంగతి తర్వాత బయటపడింది. స్కాజిట్‌కి వచ్చేవి ఆ అలాస్కా హంసలే.

ఈమధ్య కాలంలో వాటికి పెద్ద బెడద సీసం. కోళ్లకి ఉన్నట్టే హంసలకీ కందనకాయ ఉంటుంది, తిన్నది నలగడానికి చిన్న రాళ్లు మింగుతాయి. పాత రోజుల్లో వేటగాళ్లు పేల్చిన సీసపు గుళ్లు బురదలో ఇంకా ఉన్నాయి, రాళ్లనుకుని వాటినీ మింగేస్తాయి. నీటిపక్షుల వేటకి సీసపు గుళ్లు వాడకూడదని అమెరికా అంతటా 1991లో నిషేధించారు. కానీ నేలలో ఉన్నవి ఎక్కడికి పోతాయి? తల నిలబెట్టలేక తూలుతున్న హంస గానీ, చచ్చిపడిన పక్షి గానీ కనిపిస్తే దగ్గరికి వెళ్లకండి, ముట్టుకోకండి. 2022 చలికాలంలో ఈ లోయలో స్నో గీస్‌కి బర్డ్ ఫ్లూ వచ్చి చాలా చచ్చిపోయాయి. ఎక్కడ చూశారో ఫోన్‌లో మ్యాప్ మీద గుర్తు పెట్టుకుని వన్యప్రాణి శాఖకి తెలియజేస్తే చాలు.

స్నో గీస్ కోసం ఒక గంట

హంసలు నెమ్మది మనుషులైతే, స్నో గీస్ పెళ్లివారు. ఫర్ ఐలండ్ రోడ్ మీదే వన్యప్రాణి శాఖ వాళ్ల స్నో గూస్ రిజర్వ్ ఉంది, పార్కింగ్ స్థలం ఉంది, డిస్కవర్ పాస్ అద్దం దగ్గర పెట్టి దిగండి. ఇవి రష్యాకి ఉత్తరాన ఉన్న రాంగెల్ దీవిలో పుట్టి, సముద్రం దాటి ఇక్కడికి వస్తాయి. వేలకి వేలు ఒకే పొలంలో దిగుతాయి, ఆ గోల పక్కవాడి మాట వినపడనివ్వదు. ఆకాశంలో బాల్డ్ ఈగిల్ కనిపిస్తే కెమెరా సిద్ధం చేసుకోండి. గద్ద నీడ పడిందంటే పొలం పొలమంతా ఒక్కసారిగా లేస్తుంది, దుప్పటి దులిపినట్టు. గుంపు మీ నెత్తి మీదుగా తిరిగితే నోరు మూసుకోవడం మర్చిపోకండి. టోపీ ఎందుకు పెట్టుకోమన్నానో అప్పుడు తెలుస్తుంది.

మధ్యాహ్నం

పన్నెండు నుంచి రెండున్నర దాకా పక్షులు బద్ధకంగా ఉంటాయి, మనం కూడా ఉందాం. ఉత్తర పాయ మీది వంతెన దాటి లా కానర్ వెళ్లండి. కాలవ ఒడ్డున చిన్న ఊరు, ఎర్రటి వంతెన, కాఫీ కొట్లు, పబ్లిక్ బాత్రూమ్‌లు. తెచ్చుకున్న పులిహోర కార్లో తినేసి కాఫీ మాత్రం అక్కడ తాగండి.

ఓపిక ఉన్నవాళ్లు బెస్ట్ రోడ్ మీద ఉత్తరానికి పోతే హైవే 20 దాటాక అదే ఫార్మ్ టు మార్కెట్ రోడ్ అవుతుంది, సామిష్ ఫ్లాట్స్‌కి తీసుకెళ్తుంది. అక్కడ పొద్దు వాలే వేళ గుడ్లగూబలు పగటి వెలుతురులోనే గడ్డి మీద ఎగురుతూ వేటాడతాయి. కానీ అదీ హంసలు తిరిగొచ్చే టైమూ ఒకటే. రెండూ చూడాలని పరుగులు పెట్టి రెండూ పోగొట్టుకున్నవాణ్ని నేను. మొదటిసారి గుడ్లగూబల్ని వదిలేయండి.

పొద్దుగూకే వేళ

రోజంతటికీ ఇదే అసలు ఘట్టం, టైము విషయంలో ఇక్కడ మాత్రం కచ్చితంగా ఉండండి. డిసెంబరు నడిమధ్యలో పొద్దు 4:15 ప్రాంతంలో గూకుతుంది, జనవరి ఆఖరికి ఐదు దాటుతుంది. అంతకి కనీసం ఒక గంట ముందు డిబేస్ స్లౌ దగ్గర ఉండాలి. మౌంట్ వెర్నన్‌లో ఎగ్జిట్ 227 దగ్గర నుంచి కాలేజ్ వే మీద తూర్పుకి వెళ్లి లవెంచర్ రోడ్‌లో ఎడమకి తిరగండి. అదే ముందుకి పోయి ఫ్రాన్సిస్ రోడ్ అవుతుంది. డిబేస్ స్లౌ అంటే నది ఒకప్పుడు పారి వదిలేసిన పాయ. హంసల కోసం రిజర్వుగా ఉంచారు కాబట్టి లోపలికి నడవకుండా పార్కింగ్ దగ్గర నుంచే చూడాలి. ఇక్కడా పాస్ కావాలి.

ముందు ఏమీ ఉండదు. నీళ్ల మీద నాలుగు బాతులు, చలి, "ఇంకా ఎంతసేపు" అనే పిల్లలు. ఫ్లాస్కులో మిగిలిన టీ ఇప్పుడు తీయండి. మొదట చెవికి అందుతాయి, పడమటి వైపు ఎక్కడో రెండు హారన్లు. తర్వాత చెట్ల మీదుగా ఐదు గీతలు. కుటుంబాలు కుటుంబాలుగా వస్తాయి. తొలి చలికాలమంతా పిల్లలు తల్లిదండ్రుల వెంటే ఉంటాయి కాబట్టి, గుంపుని లెక్కపెడితే ఆ జంట ఈ ఏడాది ఎంతమందిని నిలబెట్టుకుందో తెలిసిపోతుంది. రెండు తెల్లవి, వెనక మూడు బూడిదవి. దిగే ముందు రెక్కలు వంచి, నల్లటి వెడల్పాటి కాళ్లు ముందుకి చాచి బ్రేకు వేస్తాయి, నీళ్ల మీద జారుతూ ఆగుతాయి. తల మీదుగా పోయినప్పుడు రెక్కల గాలి చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. ఫోటోల కోసం మొదటి పది నిమిషాలే కష్టపడండి. తర్వాత వెలుతురు ఎలాగూ చాలదు, ఫోన్ జేబులో పెట్టేయండి.

నీళ్ల మీద ఉన్నవాటిలో ఒకటి తల పైకీ కిందకీ ఆడించడం మొదలుపెడితే దాన్నే చూస్తూ ఉండండి. పక్కది కూడా ఆడిస్తుంది, ఆ తర్వాత మూడోది. "లేద్దామా?" "లేద్దాం" అన్నట్టు కాసేపు ఊపుకుని, అరుచుకుని, అప్పుడు నీళ్ల మీద పరుగు పెట్టి లేస్తాయి. అంత బరువుకి ఉన్నచోటు నుంచి ఎగరడం కుదరదు, విమానానికి రన్‌వేలా పొడవాటి నీటి దారి కావాలి. మనం గట్టున నిలబడి పెద్దగా మాట్లాడినా, డోర్ గట్టిగా వేసినా ఇదే తల ఊపుడు మొదలవుతుంది. అది చూశారంటే మీరు ఎక్కువ చేస్తున్నారని అర్థం, తగ్గండి.

పూర్తిగా చీకటి పడ్డాక కూడా గుంపులు దిగుతూనే ఉంటాయి, కనిపించవు, వినిపిస్తాయి. ఆ చీకట్లో కారు తిప్పితే హెడ్‌లైట్లు నేరుగా నీళ్ల మీద పడతాయి, అప్పుడే సర్దుకున్న గుంపంతా లేచిపోతుంది. అందుకే మధ్యాహ్నం వచ్చినప్పుడే కారు ముక్కు రోడ్డు వైపు ఉండేలా వెనక్కి తిప్పి ఆపండి.